2.15 అంటే ఎంత పొలం?

తెలంగాణలో పొలం కాగితం మీద విస్తీర్ణం 2.15 అని ఉంటే రెండెకరాల పదిహేను గుంటలని అర్థం. ఆంధ్రలో అదే సంఖ్య రెండెకరాల పదిహేను సెంట్లు. ఎకరానికి 40 గుంటలు, లేదా 100 సెంట్లు. ఆ లెక్కన మొదటిది 2.375 ఎకరాలు, రెండోది 2.15 ఎకరాలే. తేడా 9 గుంటలు. గజాల్లో చెబితే 1,089. ఊరి పక్క పొలమైతే అది చిన్న తేడా కాదు.

ఈ కొలతల్ని మార్చే ప్రోగ్రామును పైథాన్‌లో రాసేటప్పుడు చాలామంది ఎకరాన్ని గుంటలు చేసే ఫంక్షను ఒకటి, గుంటల్ని ఎకరాలు చేసేది ఇంకొకటి, గజాల్ని సెంట్లు చేసేది మరొకటి రాసుకుంటూ పోతారు. గజం, సెంటు, గుంట, ఎకరం, హెక్టారు... ఈ ఐదింటికే 20 ఫంక్షన్లు కావాలి. ఆరో కొలత వస్తే 30. వాటిలో ఎక్కడో ఎకరానికి 4840 గజాల బదులు 4480 పడితే పట్టుకోవడం గగనమే.

అన్నింటినీ ఒకే కొలతలోకి, ఇక్కడ చదరపు మీటర్లలోకి, తెచ్చి అక్కడినుంచి కావలసినదానిలోకి మారిస్తే ఇంత రాత అక్కర్లేదు:

గజం = 0.9144 * 0.9144
పట్టిక = {"గజం": గజం, "సెంటు": 48.4 * గజం, "గుంట": 121 * గజం, "ఎకరం": 4840 * గజం, "హెక్టారు": 10000}
ఫలితం = విలువ * పట్టిక[దేన్నుంచి] / పట్టిక[దేనిలోకి]

పైథాన్ 3 తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది కాబట్టి దీన్ని ఇలాగే రాయవచ్చు. 0.9144 అనేది 1959లో అమెరికా, బ్రిటన్ తదితర దేశాలు గజం పొడవుకు ఖాయం చేసిన మీటర్ల విలువ. ఎకరానికి నేరుగా 4046.8564224 అని రాయవచ్చు కానీ, అది ఎక్కడినుంచి వచ్చిందో ఆర్నెల్ల తర్వాత చదివేవారికి తెలియదు. 4840 గజాలంటే ఎవరికైనా తెలుస్తుంది. కొత్త కొలతకు ఒక్క పదం, ఒక్క గుణకం చేరిస్తే చాలు. పట్టికలో లేని "కుంట" అనే రూపం వస్తే ప్రోగ్రాము తప్పు జవాబివ్వకుండా అక్కడే ఆగిపోతుంది. అదే మనకు కావలసింది. ఉష్ణోగ్రతలు మాత్రం ఇందులో ఇమడవు. సెల్సియస్‌ను ఫారెన్‌హీట్ చేయాలంటే 1.8తో గుణించాక 32 కలపాలి కూడా.

అసలు జాగ్రత్త సంఖ్యను లోపలికి తీసుకునే చోట కావాలి. తెలంగాణ కాగితంలోని 2.30ని దశాంశ సంఖ్యగా చదివితే పైథాన్ దాన్ని 2.3 చేస్తుంది. ఇక అది మూడు గుంటలో ముప్ఫయ్యో చెప్పలేం. అందుకని దాన్ని అక్షరాలుగానే తీసుకుని, చుక్క దగ్గర విడగొట్టి, ఎడమవైపుది ఎకరాలుగా, కుడివైపుది గుంటలుగా చదవాలి. కుడివైపు 40 గానీ అంతకు మించి గానీ వస్తే ఆ కాగితం సెంట్లలో ఉందేమో అడగాలి. రౌండు చేయడం చివర, జవాబును తెర మీద చూపేటప్పుడే. మధ్యలో 39.99999999 వంటిది వచ్చినప్పుడు దశాంశ భాగం కొట్టేస్తే ఒక గుంట మాయమవుతుంది.