దుబాయి నాలుగు గంటలే... మరి కాళ్ళ లెక్క?

"నాలుగు గంటలే గదా సార్ విమానంలో కూసున్నది! గంతకే కాలు వాస్తదా?"

దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన ఒక యువకుడు ఆ మధ్య నన్నడిగిన ప్రశ్న ఇది. ఎడమ పిక్క వాచి, గట్టిపడి, ముట్టుకుంటే వేడిగా ఉంది. ఇంట్లోవాళ్ళు రెండు రోజులుగా నూనె రాసి మర్దన చేస్తున్నారట!

హైదరాబాదు, దుబాయిల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. నాలుగు గంటల ప్రయాణమన్నది నిజమే. కాని మన ఖానాపూర్ మనిషి శంషాబాద్‌లో దిగగానే ఇల్లు చేరడు గదా! కామారెడ్డి, ఆర్మూరు, నిర్మల్ మీదుగా ఇంకా 250 కిలోమీటర్ల పైమాటే. అతని చేతనే లెక్క కట్టించాను. అక్కడ గది వదిలింది మొదలు ఇక్కడ గడప తొక్కేదాకా పదహారు గంటలు. దాదాపు అంతసేపూ కూర్చునే ఉన్నాడు.

గుండె రక్తాన్ని పాదాల దాకా నెడుతుంది. అది తిరిగి పైకెక్కాలంటే మాత్రం పిక్క కండరాలు బిగిసి వదులుతూ పంపులా పనిచేయాలి. మోకాళ్ళు ముడిచి కదలకుండా కూర్చుంటే ఆ పంపు ఆగుతుంది, సిరల్లో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. మర్దన వద్దనేది అందుకే. దీనికి విమానమే అక్కరలేదు. 1940లో లండన్‌పై బాంబులు పడుతున్నప్పుడు రాత్రంతా కుర్చీల్లో తలదాచుకున్నవారు కొందరు ఇలాగే మరణించారు.

నాలుగు గంటలు దాటిన ప్రయాణం, అది బస్సయినా రైలయినా, ఈ ముప్పును సుమారు రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. భయపడకండి, ఆరోగ్యవంతుల్లో ఇది ఆరువేలమందిలో ఒకరికి వచ్చేది. అయితే ఇటీవల ఆపరేషన్ అయినవారు, గర్భిణులు, బాలింతలు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, క్యాన్సర్ రోగులు, లోగడ గడ్డకట్టినవారు ముందుగా డాక్టరును కలవాలి. ఆస్పిరిన్ సొంతంగా మింగకండి.

గంటకోసారి లేచి నడవండి. లేవలేకపోతే మడమలు, మునివేళ్ళు మార్చి మార్చి పైకెత్తండి. నీళ్ళు తాగండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు.

కూతురి కాన్పుకని అమెరికా వెళ్ళే తల్లులకు ఇంకో మాట. దుబాయి నుంచి డల్లాసుకు మరో 12,900 కిలోమీటర్లు, సుమారు 16 గంటలు. అక్కడి గడియారం మనకంటే పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. ఇన్సులిన్ ఎప్పుడెంత తీసుకోవాలో బయలుదేరకముందే రాయించుకోండి. దాన్ని చేతిసంచిలోనే ఉంచుకోండి. సామాన్ల పెట్టెలో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు.

ప్రయాణమయ్యాక నాలుగు వారాల లోపు ఒక కాలే వాచినా, పిక్క నొప్పెట్టినా ఆసుపత్రికి రండి. ఆయాసమో, ఛాతీనొప్పో వస్తే తెల్లవారేదాకా ఆగక 108కి ఫోన్ చేయండి.

ఆ యువకుడికి స్కానింగులో గడ్డ కనిపించింది. రక్తం పలచబరిచే మందులు మూడు నెలలు వాడాలన్నాం. "లీవు నెలే ఉంది సార్" అన్నాడు. టికెట్టు వాయిదా వేయించడానికి వాళ్ళ నాన్నను పిలిపించవలసి వచ్చింది.