చూసిందే కల... చూపిస్తే బాట!

పది పాసైన పిల్లాణ్ని ఏ గ్రూపులో చేర్పించాలన్నది వారం రోజుల్లో తేలిపోతుంది. దాని ఫలితం మాత్రం నలభై ఏళ్లు ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ వారం కంటే ముందే పిల్లలకు చూపించాల్సినవి చాలా ఉన్నాయి.

తెల్లవారుజాము నాలుగున్నర. టెక్కలి వైపో, పలాస వైపో ఏ రోడ్డు మీదికి వెళ్లినా చీకట్లో అడుగుల చప్పుడు వినిపిస్తుంది. పదో క్లాసు, ఇంటరు చదివే కుర్రాళ్లు పరుగు తీస్తుంటారు. చేతికి వాచీ, మనసులో 1,600 మీటర్ల లెక్క. ఆర్మీ సెలక్షన్లలో ఆ పరుగును దాటాల్సిందే మరి!

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడలో బరువులెత్తడం ఊరి అలవాటు. ఆ ఆటతోనే ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు ఊళ్లో ఉన్నారు. ఇక తీరం వెంట పల్లెల్లో మగపిల్లాడు మీసం రాకముందే తండ్రి వెంట పడవెక్కుతాడు.

పెద్దయ్యాక ఏమవుతావని ఈ పిల్లల్లో ఎవరినడిగినా తడుముకోరు. ఆ దారిలో నడిచినవాళ్లు మామయ్య రూపంలోనో, ఎదురింటి అన్నయ్య రూపంలోనో కళ్లముందే ఉన్నారు. చూసిందే వాళ్లకు కల. మరి చూడని వాటి సంగతేంటి?

ఊసవానిపేట చెప్పే పాఠం

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట చిన్న ఊరు. అక్కడి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆమే. ఆమెకు పట్టుదల ఉంది, నిజమే. దాంతోపాటు పక్కనే ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న అనే శిక్షకుడూ ఉన్నాడు. ప్రోత్సహించిన కుటుంబం ఉంది. ఆ మూడూ ఒకచోట కలిశాయి కాబట్టే ఒక పల్లెటూరి పిల్ల సిడ్నీ దాకా వెళ్లింది.

డాక్టరుకైనా, నావికుడికైనా, లాయరుకైనా లెక్క ఇంతే. పిల్లలో ఇష్టం ఉండాలి, దారి చూపేవాళ్లు దగ్గర్లో ఉండాలి, ఇంట్లోవాళ్లు ఊఁ అనాలి. ఈ రెండు జిల్లాల్లో మొదటిదానికీ మూడోదానికీ కొరత లేదు. లేనిదల్లా మధ్యలోదే.

‘ఇంకేటి సదువుతావు?’

‘‘ఏటి బాబూ, పది గట్టెక్కీసినావు కదా... ఇంకేటి సదువుతావు?’’ ఫలితాలు రాగానే ప్రతి ఇంటి అరుగు మీదా ఇదే ప్రశ్న. మార్కులు బాగుంటే ఎంపీసీ, ఆడపిల్లయితే బైపీసీ, మార్కులు తగ్గితే సీఈసీ... జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది. ఈలోగా కాలేజీల తరఫున తిరిగేవాళ్లు గుమ్మంలోకి వచ్చేస్తారు. పిల్లాడి ఇష్టమేంటో అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ ఒక్క నిర్ణయంతో కొన్ని తలుపులు తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుపోతాయి. ఉదాహరణకు నేషనల్ డిఫెన్స్ అకాడమీ. ఆర్మీ విభాగానికి ఇంటర్లో ఏ గ్రూపైనా చాలు. నేవీ, ఎయిర్‌ఫోర్స్ విభాగాలకు మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, మేథ్స్ ఉండాల్సిందే. రోజూ పరుగు తీసే కుర్రాడికి ఈ సంగతి ఇంటర్ అయ్యాక తెలిస్తే ఏం లాభం? 2022 నుంచి ఆ అకాడమీలోకి అమ్మాయిల్నీ తీసుకుంటున్నారన్నది ఎన్ని ఇళ్లలో తెలుసు?

జవానుగా చేరాలనుకునేవాళ్లకూ లెక్క మారింది. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చింది. అప్పుడు ప్రకటించిన నిబంధన ప్రకారం సర్వీసు నాలుగేళ్లు. తర్వాత సైన్యంలో కొనసాగేది బ్యాచ్‌లో 25 శాతం వరకే. అంటే ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు చాలామంది ఇంటికి తిరిగొస్తారు. సైన్యం కల మానుకోమని ఎవరూ అనరు. ‘ఆ తర్వాత?’ అన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడే వెతుక్కోవాలి.

గ్రూపు విషయంలో ఒక మంచి మార్పు కూడా ఉంది. లెక్కలూ జీవశాస్త్రమూ రెండూ కలిపి చదువుకునే వీలును 2025-26 నుంచి ఇంటర్ బోర్డు కల్పించింది. ఏ కాలేజీలో ఉందో ముందే కనుక్కోవాలి. రెండూ చదివేటప్పుడు పడే భారం కూడా ఆలోచించుకోవాలి.

పెరట్లోనే ఉన్నాయి

పెద్ద చదువంటే విశాఖ, హైదరాబాద్ అన్న మాట పాతబడింది. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. 2016లో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పది మార్కులతోనే సీటు, ఆరేళ్ల చదువు, చివర్లో బీటెక్ పట్టా. విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలయ్యాయి. సంగీతమంటే చెవి కోసుకునే పిల్లలకు 1919 నాటి మహారాజా సంగీత కళాశాల ఉండనే ఉంది. ఘంటసాల చదివింది అక్కడే.

ఊళ్లో ఉన్న అవసరాన్నిబట్టి కూడా దారి వెతకొచ్చు. ఉద్దానం కిడ్నీ జబ్బులతో ఏళ్లుగా అల్లాడుతోంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అలాంటిచోట డాక్టర్లతోపాటు నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, డయాలసిస్ టెక్నీషియన్లు కావాలి. బైపీసీ చదివి నీట్‌లో సీటు రాని అమ్మాయి ‘అంతా అయిపోయింది’ అని కూర్చోనక్కర్లేదు.

పైడిభీమవరంలో మందుల కంపెనీలున్నాయి. బీఫార్మసీకి ఎంపీసీ వాళ్లూ, బైపీసీ వాళ్లూ ఇద్దరూ అర్హులే. వ్యవసాయం ఇష్టమైతే నైరలో వ్యవసాయ కళాశాల ఉంది. దానికి బైపీసీతో ఎంసెట్... ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్... రాయాలి. పదితోనే పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్లకు డిప్లొమా. ఈసెట్‌లో ర్యాంకు వస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లిపోవచ్చు. చేతిపని వంటబట్టిన పిల్లాడికి ఐటీఐ చిన్న చదువేం కాదు. విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్లోకి తీసుకునేది ఐటీఐ పాసైనవాళ్లనే.

కడలి బిడ్డలకు

వలస ఈ నేలకు కొత్త కాదు. 2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద పనిచేస్తూ పాకిస్తాన్‌కు చిక్కిన ఈ రెండు జిల్లాల మత్స్యకారుల్లో ఎక్కువమంది 2020 జనవరిలోగానీ విడుదల కాలేదు. సముద్రమే బతుకైన ఇంటి పిల్లలకు అదే సముద్రం మీద మెరుగైన దారులున్నాయి. విశాఖలో సిఫ్‌నెట్ అనే కేంద్ర సంస్థ పది పాసైనవాళ్లకు చేపల ఓడ నడపడం, ఓడ ఇంజిన్ల పని రెండేళ్లపాటు నేర్పుతుంది. లెక్కలు, సైన్సులో తగిన మార్కులుండాలి. ఎంపీసీ చదివితే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ పరీక్ష రాయొచ్చు. దాని క్యాంపస్ ఒకటి విశాఖలోనే ఉంది.

గల్ఫ్ వెళ్లక తప్పదనుకున్నా పది పాసవడం వేరు. ఆ సర్టిఫికెట్ ఉంటే పాస్‌పోర్టు మీద వలస అనుమతి ముద్ర అవసరం పడదు. ఓడ ఉద్యోగమంటూ డబ్బడిగే ఏజెంటుకు డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉందో లేదో చూడకుండా రూపాయి కూడా ఇవ్వకూడదు.

నూరేళ్ల కిందటి సూత్రం

పిల్లలకు పని ఎంచుకోవడంలో సాయపడటానికి ఒక ఆఫీసే పెట్టాడు ఫ్రాంక్ పార్సన్స్. 1908లో, అమెరికాలోని బోస్టన్‌లో. పొట్ట చేతపట్టుకుని వచ్చిన వలస కుటుంబాలుండే పేటలో! ఆయన చెప్పింది మూడు ముక్కలు. నిన్ను నువ్వు తెలుసుకో. పనుల గురించి తెలుసుకో. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించు. ఇవాళ్టి కౌన్సెలర్లు చెప్పేదీ దాదాపు ఇదే.

దీనికి పెద్ద ఫీజులేం కావు. తొమ్మిదో తరగతి నుంచే మొదలుపెట్టొచ్చు. సెలవుల్లో ఒకరోజు బ్యాంకుకో, ల్యాబ్‌కో, కోర్టుకో తీసుకెళ్లి అక్కడి పనిని చూపించొచ్చు. సంక్రాంతికి ఊరొచ్చే ఉద్యోగుల్ని బడికి పిలిచి ‘ఏం చదివారు, రోజంతా ఏం చేస్తారు’ అని చెప్పించొచ్చు. హెడ్మాస్టారు తలచుకుంటే ఒక్క పూట పని.

ఇంట్లో కూర్చుని రాసుకోండి

* పిల్లలు గంటలు మరిచిపోయి చేసే పని ఏది?
* కష్టపడకుండా మార్కులొచ్చే సబ్జెక్టు ఏది? ఎంత కష్టపడ్డా రానిది ఏది?
* అనుకున్న ఉద్యోగానికి ఏ గ్రూపు, ఏ పరీక్ష, ఎన్నేళ్లు, ఎంత ఖర్చు?
* ఆ ఉద్యోగం చేస్తున్నవాళ్లతో ఒక్కరితోనైనా మాట్లాడారా?
* మొదటిది రాకపోతే రెండోది ఏంటి?

ఈ అయిదింటికీ జవాబులు పిల్లల చేతిరాతలోనే ఉండాలి. పెద్దవాళ్లు పక్కన కూర్చుంటే చాలు.

రేపు తెల్లవారుజామునా ఆ కుర్రాడు పరుగు తీస్తాడు. తీయాలి కూడా. ఆ పరుగు ఎక్కడిదాకా వెళ్తుందో, అక్కడి నుంచి ఇంకెన్ని దారులున్నాయో ముందే ఎవరైనా చూపిస్తే చాలు... చీకట్లో పడే ఆ అడుగు ఇంకాస్త ధీమాగా పడుతుంది.