బాప్తిస్మం పుస్తకంలో ఎమ్మెల్యే సీటు!

చర్చి బీరువాలో ఓ పాత రిజిస్టరు. బాప్తిస్మం ఎవరికిచ్చారు, ఎప్పుడిచ్చారు... అంతే అందులో ఉండేది. పాస్టరుగారూ సంఘపెద్దలూ తప్ప దాన్ని తెరిచే పని ఎవరికీ ఉండదు. అలాంటి పుస్తకాలే 2023లో ఓ ఎమ్మెల్యే పదవికి ఎసరు పెట్టాయి.

కేరళలో మున్నారు తేయాకు తోటలున్న నియోజకవర్గం దేవికుళం. ఎస్సీలకు రిజర్వు చేసిన స్థానం. 2021లో అక్కడ సీపీఎం అభ్యర్థి ఎ.రాజా 7,848 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి డి.కుమార్ హైకోర్టుకెళ్లారు. రాజా కుటుంబం క్రైస్తవంలోకి మారింది కాబట్టి ఆయన పోటీకే అర్హుడు కాడని వాదన. సాక్ష్యంగా సీఎస్ఐ చర్చి రిజిస్టర్లు వచ్చాయి. వాటిలో దిద్దుబాట్లు! పెళ్లి ఫొటోలూ వచ్చాయి. వధువు వేసుకున్న తెల్లగౌను కూడా చర్చకొచ్చింది. 2023 మార్చిలో హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదంది. 2025 మే 6న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. రాజా పదవి నిలిచింది.

ఇంత గొడవకీ మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువులకే ఎస్సీ హోదా అంది అది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. అందుకే చర్చికి కొత్త జన్మలాంటి సంస్కారం, రెవెన్యూ ఆఫీసుకు కులపత్రం రద్దయ్యే కారణం. పుదుచ్చేరిలో క్లర్కు ఉద్యోగం కోసం ఓ మహిళ ఎస్సీ సర్టిఫికెట్ అడిగితే, 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు కుదరదంది. ఆమె బాప్తిస్మం కూడా అక్కడ లెక్కలోకొచ్చింది. అప్పటికి ఆమె వయసెంతనుకున్నారు... మూణ్నెల్లు కూడా నిండలేదు!

బాప్తిస్మం తీసుకుంటే ఊళ్లో పేట మారిపోతుందా? మారదని దళిత క్రైస్తవులు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఓ క్రైస్తవుడు, హిందూ ఎస్సీలకిచ్చే బంకు తనకూ ఇమ్మని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. మతం మారినా అదే తీవ్రతతో వివక్ష ఉందని రుజువు చేయాలంది కోర్టు, 1985లో. బంకు రాలేదు.

తెలుగునాట ఇలాంటివాళ్లు బీసీ-సి కిందికొస్తారు. చదువుల్లో, ఉద్యోగాల్లో 1 శాతం రిజర్వేషన్. చట్టసభల్లో మాత్రం బీసీలకు రిజర్వుడు స్థానాల్లేవు. కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో 29, తెలంగాణలో 19 ఎస్సీ అసెంబ్లీ సీట్లలో వీళ్లు నామినేషన్ వేయడానికి లేదు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలంటూ 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. అయితే ఆ ఉత్తర్వును మార్చే అధికారం పార్లమెంటుదే.