గుణాత్మక పరిశోధనా పద్ధతుల బోధన: అంతర్జాలంలోని ఉచిత వనరుల వినియోగం

వ్యాససంగ్రహం:
గుణాత్మక పరిశోధన చేస్తున్న తెలుగు విద్యార్థులకు పద్ధతుల నిర్వచనాలు సులభంగా లభిస్తున్నాయి. ఆ పద్ధతులను సమాచారంపై ప్రయోగించే అభ్యాసం మాత్రం అరుదుగా లభిస్తోంది. అంతర్జాలంలోని ఉచిత వనరులను ఏ క్రమంలో వినియోగిస్తే ఈ లోటు తీరుతుందో, తెలుగులో సేకరించిన సమాచారం విషయంలో ఏ జాగ్రత్తలు అవసరమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గుణాత్మక పరిశోధన, ఇతివృత్త విశ్లేషణ, కోడింగ్, శోధ్‌గంగ, క్షేత్ర పరిశోధన.

1. ఉపోద్ఘాతం:
పరిమాణాత్మక పరిశోధన ‘ఎంత’, ‘ఎందరు’ అనే ప్రశ్నలకు సమాధానం వెతికితే, గుణాత్మక పరిశోధన ‘ఎలా’, ‘ఎందుకు’ అనే ప్రశ్నలతో మొదలవుతుంది. ముఖాముఖి, పరిశీలన, పత్రాల అధ్యయనం దీని ప్రధాన సాధనాలు. కోర్సువర్క్‌లో వీటి నిర్వచనాలు, లక్షణాలు, ప్రయోజనాలు చదివి పరీక్ష రాసిన పరిశోధకులు, తీరా క్షేత్రం నుండి ముప్పై ఇంటర్వ్యూలతో తిరిగివచ్చాక వాటిని ఏం చేయాలో తెలియక ఇబ్బంది పడతారు. ప్రతి ప్రశ్న కింద జవాబులను వరుసగా పేర్చి దానినే విశ్లేషణగా సమర్పించే సిద్ధాంతగ్రంథాలకు మూలం ఇక్కడే ఉంది. ఖరీదైన పుస్తకాలు, సాఫ్ట్‌వేర్ అందుబాటులో లేని కళాశాలలలో ఈ సమస్య మరింత తీవ్రం. ఉచిత వనరుల ప్రాధాన్యాన్ని ఈ నేపథ్యంలో పరిశీలించాలి.

2. వనరుల స్వరూపం:
ఉచిత వనరులను వాటి ప్రయోజనాన్ని బట్టి మూడు విధాలుగా విభజించుకోవచ్చు.

మొదటివి పద్ధతిని వివరించేవి. 2017లో ప్రారంభమైన స్వయం వేదికలోని కోర్సులు, ఈ-పీజీ పాఠశాల పాఠాలు ఈ కోవకు చెందుతాయి. ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో బోధించిన గ్రాహమ్ గిబ్స్ యూట్యూబ్ ఉపన్యాసాలు కోడింగ్‌ను అంచెలంచెలుగా వివరిస్తాయి.

రెండవవి పద్ధతిని ప్రయోగించి చూపేవి. 1990లో మొదలైన ‘ది క్వాలిటేటివ్ రిపోర్ట్’, 2000 నుండి బెర్లిన్ నుండి వెలువడుతున్న ‘ఫోరమ్: క్వాలిటేటివ్ సోషల్ రీసెర్చ్’ పత్రికలను ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహిస్తున్న శోధ్‌గంగలో తెలుగు సిద్ధాంతగ్రంథాలు కూడా ఉన్నాయి.

మూడవవి అభ్యాసానికి పనికివచ్చేవి. ‘టాగెట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్వ్యూ పాఠంలోని వాక్యాలను పరిశోధకులే గుర్తించి, కోడ్‌లు కేటాయిస్తే, ఒకే కోడ్ కిందికి వచ్చిన భాగాలన్నింటినీ అది ఒకచోట చూపుతుంది.

3. బోధనా క్రమం:
మొదటి రకం వనరులతోనే తరగతి ముగిసిపోతే నిర్వచనాల వద్దే ఆగిపోతాం. కాబట్టి ఒక ఉపన్యాసం విన్న వెంటనే ప్రయోగాన్ని పరిశీలించే పని ఇవ్వాలి. శోధ్‌గంగ నుండి ఒకే శాఖకు చెందిన మూడు సిద్ధాంతగ్రంథాలను తీసుకొని, పరిశోధనా పద్ధతి అధ్యాయంలో పేర్కొన్న పద్ధతి విశ్లేషణాధ్యాయాలలో నిజంగా కనిపిస్తోందా అని విద్యార్థుల చేత పరీక్షింపజేయడం మంచి అభ్యాసం. ప్రకటనకు, ఆచరణకు మధ్య ఉన్న దూరాన్ని విద్యార్థి స్వయంగా గుర్తిస్తాడు.

తరువాత విశ్లేషణ. వర్జీనియా బ్రాన్, విక్టోరియా క్లార్క్ 2006లో ప్రతిపాదించిన ఇతివృత్త విశ్లేషణ ప్రారంభకులకు అనుకూలమైనది. ఇందులో ఆరు దశలున్నాయి: సమాచారాన్ని మళ్ళీమళ్ళీ చదవడం, కోడ్‌లు రూపొందించడం, ఇతివృత్తాలను వెతకడం, వాటిని సమీక్షించడం, నిర్వచించి పేరు పెట్టడం, నివేదిక రాయడం. నాలుగు పుటల ఇంటర్వ్యూను తరగతిలో అందరికీ ఇచ్చి, విడివిడిగా కోడ్ చేయించి, ఫలితాలను పక్కపక్కన పెట్టి చర్చించాలి. ఒకే వాక్యాన్ని ఇద్దరు వేర్వేరుగా అర్థం చేసుకోవడానికి కారణం అన్వేషించడంలోనే విశ్లేషణ బోధపడుతుంది.

పరిశోధకుని స్థానం సమాచారాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో చెప్పడానికి తెలుగు నేలకు సంబంధించిన ఉదాహరణే ఉంది. 1940వ దశకంలో హైదరాబాదు సంస్థానంలోని గోండుల మధ్య పరిశోధన చేసిన ఫ్యూరర్ హైమండార్ఫ్, నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగానూ ఉన్నారు. 1982లో వెలువడిన ఆయన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ గ్రంథాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఉచితంగా అందిస్తోంది. అధికారిగా, పరిశోధకుడిగా ఒకే వ్యక్తి అడిగిన ప్రశ్నలకు గోండులు ఇచ్చిన సమాధానాలను ఎలా చదవాలనేది తరగతిలో చర్చించదగిన అంశం.

4. తెలుగు సమాచారం - భాషాసమస్య:
పై వనరులలో అధికభాగం ఆంగ్లంలో ఉన్నందున, విద్యార్థులు ఇంటర్వ్యూలను కూడా ముందుగా ఆంగ్లంలోకి అనువదించి ఆ తరువాత కోడ్ చేయడం జరుగుతోంది. ఇది హానికరం. ఒక రైతు “నేను అప్పు చేయలేదు, మా బావ దగ్గర చేబదులు తీసుకున్నాను” అన్నాడని అనుకుందాం. ఆంగ్లానువాదంలో అప్పు, చేబదులు రెండూ ‘లోన్’ అయిపోతే ఆ వాక్యం పరస్పర విరుద్ధంగా కనిపిస్తుంది. నిజానికి ఆ రైతు రెండు వేర్వేరు సంబంధాలను స్పష్టంగా వేరు చేస్తున్నాడు. కాగితం లేక, వడ్డీ లేక, నమ్మకం మీద కొద్దికాలానికి తీసుకునేది చేబదులు. దానిని అప్పుగా లెక్కించకపోవడంలో రైతు గౌరవభావన ఇమిడి ఉంది. పరిశోధన వెలికితీయవలసిన విషయం అదే. అనువాదంలో జారిపోయేదీ అదే.

అందువల్ల కోడింగ్ తెలుగులోనే జరగాలి. సమాచారదాత వాడిన మాటనే కోడ్‌గా స్వీకరించే పద్ధతి గుణాత్మక పరిశోధనలో సమ్మతమైనదే. నివేదిక ఆంగ్లంలో రాయవలసివస్తే, విశ్లేషణ పూర్తయ్యాక ఉదాహరించే భాగాలను మాత్రమే అనువదించి, కీలకమైన పదాలను మూలరూపంలో ఉంచి వివరించాలి. ‘పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా’లోని కథనాలు ఆంగ్లంలోనూ తెలుగులోనూ లభిస్తాయి. రెండింటినీ పోల్చి చదివితే ఈ మెలకువ అలవడుతుంది. అయితే అవి పాత్రికేయ రచనలు, సంపాదకత్వం జరిగినవి. వాటిని ఇంటర్వ్యూ మూలపాఠాలుగా భావించరాదు.

5. జాగ్రత్తలు:
యూనికోడ్‌లో లేని పాత తెలుగు ఫాంట్లతో టైపు చేసిన పాఠాన్ని కోడింగ్ సాఫ్ట్‌వేర్ గుర్తించలేదు. ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకొని అక్షరదోషాలను సరిచూడాలి. ఉచిత సేవలన్నీ నిరపాయమైనవి కావు. సమాచారదాతల పేర్లు, ఊర్లు ఉన్న ఇంటర్వ్యూలను అపరిచిత సర్వర్లకు ఎక్కించడం వారికిచ్చిన మాటను తప్పడమే. టాగెట్‌ను సొంత కంప్యూటర్‌లోనే ఉంచుకొని వాడే వీలుంది. ఆ పద్ధతినే అనుసరించడం మేలు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా వాక్యాలను వర్గీకరించడానికి తోడ్పడుతుందే గాని, వాటి అర్థాన్ని నిర్ణయించవలసినది పరిశోధకులే.

6. ముగింపు:
 1. ఉచిత వనరులను వివరణ, ప్రయోగం, అభ్యాసం అనే క్రమంలో వినియోగించినప్పుడే గుణాత్మక పద్ధతి పట్టుబడుతుంది.
 2. శోధ్‌గంగను విషయసేకరణకే గాక, పద్ధతుల విమర్శకు కూడా ఉపయోగించుకోవాలి.
 3. తెలుగులో సేకరించిన సమాచారాన్ని తెలుగులోనే విశ్లేషించాలి.
 4. సమాచారదాతల గోప్యతకు భంగం కలిగించే సేవలను, అవి ఉచితమైనా, విడిచిపెట్టాలి.

తరగతిలో కోడ్ చేసిన ఇంటర్వ్యూలను, సమాచారదాతల అనుమతితో, వారి వివరాలు తొలగించి తెలుగు శాఖలు పరస్పరం పంచుకోగలిగితే, తరువాతి పరిశోధకులకు మన భాషలోనే ఒక అభ్యాససామగ్రి సమకూరుతుంది.