ఇంట్లో పాటల గాదె

పిల్లలూ, సెల్‌ఫోనులో పాట వింటున్నప్పుడు ఆ పాట అసలు ఎక్కడ ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? చాలాసార్లు అది మీ ఫోనులో ఉండదు. ఎక్కడో దూరాన ఒక కంపెనీ వారి కంప్యూటరులో ఉంటుంది. మీరు అడగగానే అది పాటను కొద్దికొద్దిగా పంపుతుంది. అడిగినది అందించే ఇటువంటి కంప్యూటరును సర్వర్ అంటారు.

ఇందులో ఒక చిక్కున్నది. పాట హక్కుదారుతో కంపెనీకి ఉన్న ఒప్పందం తీరిపోతే, ఆ పాట మాయమవుతుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడ్ ప్రాంతాన మనూర్ అనే ఊరున్నది. అక్కడ ఒక నాయనమ్మ తన చిన్ననాటి బతుకమ్మ పాట పాడుతుందనుకోండి. ఆ పాట ఏ కంపెనీ దగ్గరా ఉండకపోవచ్చు. ఆవిడ తరవాత దాన్ని ఎవరు వింటారు?

ఆ జిల్లాలోనే, జహీరాబాదు ప్రాంతంలో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు జొన్న, కంది మొదలైన విత్తనాలను తామే దాచుకుంటూ వచ్చారు. ఆ సంఘాల వారే 2008 అక్టోబరు 15న మాచునూరులో 'సంఘం రేడియో' ప్రారంభించి, తమ పాటలను తామే ప్రసారం చేశారు. విత్తనం లాగే పాట కూడా మన దగ్గర ఉంటేనే మనది!

రేడియో పెట్టడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంట్లో పాటల సర్వరుకు పాత కంప్యూటరు చాలు. లేదా అరచేతిలో ఇమిడే 'రాస్ప్‌బెర్రీ పై' అయినా సరే. పిల్లలు కంప్యూటరు విద్య నేర్చుకోవాలని బ్రిటన్‌లో తయారు చేసిన ఈ బుల్లి యంత్రం 2012లో అమ్మకానికి వచ్చింది.

పెద్దల సాయంతో అందులో 'నావిడ్రోమ్' అనే ఉచిత ప్రోగ్రాము ఎక్కించండి. పాటలున్న ఫోల్డరు చూపిస్తే, అది తానే పట్టిక తయారు చేసుకుంటుంది. కంప్యూటరును ఇంటి వై-ఫై రౌటరుకు కలపండి. రౌటరు దానికి ఒక అంకెల చిరునామా ఇస్తుంది. ఫోను బ్రౌజరులో ఆ చిరునామా, పక్కన కోలన్ గుర్తు, 4533 కొట్టండి. పాటల పట్టిక ప్రత్యక్షం! ఇంట్లో ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి రౌటరే చేరవేస్తుంది గనక, ఇంటర్నెట్ పోయినా పాట ఆగదు. కరెంటు పోతే మాత్రం ఆగుతుంది.

ఎన్ని పాటలు పడతాయంటారా? సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా దాస్తారు. చెవి అంతగా పట్టించుకోని వివరాలను వదిలేసి ఎంపీ3గా కుదిస్తే, నిమిషం పాటకు దాదాపు 1 మెగాబైటు చాలు. ఆ లెక్కన 64 గిగాబైట్ల కార్డులో నాలుగేసి నిమిషాల పాటలు 15,000 దాకా పడతాయి.

రెండు జాగ్రత్తలు. ఇతరుల పాటలైతే, డబ్బిచ్చి కొన్నవే పెట్టుకోండి. కార్డు ఎప్పుడైనా చెడిపోవచ్చు గనక, అన్నిటికీ రెండో ప్రతి తీసి వేరే చోట దాచండి.

ఇక మొదటి పాట ఏది? ఈ ఆదివారం మీ నాయనమ్మనో అమ్మమ్మనో పాడమని అడిగి ఫోనులో రికార్డు చేయండి. ఆవిడ పేరు, ఊరు, తేదీ కూడా రాసిపెట్టండి. ప్రపంచంలో మరే సర్వరులోనూ లేని పాట మీ గాదెలో చేరుతుంది.