ఆర్కిడ్ ఆకు వేసి పూయకున్నచో

నీడ వల కట్టి, ఖరీదైన డెండ్రోబియం మొక్కలు తెచ్చి పెంచుచున్న రైతులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "మొక్క ఏపుగా ఉన్నది, ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుచున్నది, పూల కాడ మాత్రము రాదు. ఇంకేమి ఎరువు వేయవలెను?" ఈ ప్రశ్నలోనే జవాబున్నది. ఆర్కిడ్‌లో ముదురు పచ్చని ఆకు చాలావరకు వెలుతురు చాలమికి గుర్తు. ఎరువు సంచి విప్పుటకు ముందు తలెత్తి నీడ వలను చూడుడు.

డెండ్రోబియమునకు సుమారు సగము వెలుతురు కావలెను. నూటికి 50 పాళ్లు నీడనిచ్చు వల సామాన్యముగా చాలును. మండు వేసవిలో మిట్టమధ్యాహ్నము మాత్రము రెండవ వల కప్పి, ఎండ తగ్గగానే తీయవలెను. ఆకు కొద్దిగా పసుపు కలిసిన లేత పచ్చగా ఉన్నచో వెలుతురు సరిపోయినట్లే. తెల్లని కాలిన మచ్చలు పడినచో ఎక్కువైనట్లు. చీకటిలో పెరిగిన మొక్కను ఒక్కసారి వెలుతురులో పెట్టరాదు. రెండు మూడు వారములలో మెల్లగా అలవాటు చేయుడు.

ఇక మేత సంగతి. మన మామిడి, మర్రి కొమ్మలపై పెరుగు వండా కూడ ఆర్కిడ్ జాతిదే. పల్లెలలో దానిని బదనిక అనుట కలదు గాని, నిజమైన బదనికవలె అది చెట్టు రసమును పీల్చదు. దాని వేళ్లపై దూదివంటి తెల్లని పొర యుండి, వాన నీటిని, అందు కరిగిన కొద్దిపాటి పోషకములను పట్టుకొనును. డెండ్రోబియం వేరు కూడ అటువంటిదే. కనుకనే దానికి మట్టి పనికిరాదు. బొగ్గు, పెంకు ముక్కలు, కొబ్బరి డొక్క కావలెను. పొలములో చల్లినట్లు కుండీలో యూరియా చల్లినచో వేళ్లు మాడిపోవును.

లీటరు నీటికి 1 గ్రాము చొప్పున నీట కరుగు 19:19:19 ఎరువును వారమున కొకసారి, ముందుగా వేళ్లను తడిపి, చల్లుడు. పిలక పెరుగునంతకాలము ఇది చాలును. పిలక ఎదుగుట ఆగి, కాండము లావెక్కిన పిమ్మట నత్రజని తగ్గించి, పొటాష్ హెచ్చుగా గల ఎరువునకు మారవలెను. అప్పుడును నత్రజని దట్టించినచో మొక్క ఆకులు, పిలకలు వేయుచు కూర్చుండును. నెలకొకసారి ఉత్త నీటితో కుండీని బాగుగా కడిగినచో పేరుకొన్న లవణములు పోవును. బోరు నీరు ఉప్పనైన చోట వాన నీటిని నిలువ చేసికొనుట మేలు.

ఆకు రాలిన పాత కాండములను చచ్చినవని కోయుచున్నారు. ఇది నష్టము. అవి నీటిని, ఆహారమును దాచిన గాదెలు. ఒక్కొక్కప్పుడు వాటి కొననుండియే తిరిగి పూయును. పూర్తిగా ఎండి గోధుమరంగుకు తిరిగిన వానినే తీయుడు.

నీడ వల మార్చిన నెలకే పూలు రావు. రాబోవు పిలక ఎదిగి, ముదిరిన పిమ్మటనే ఫలితము కనబడును.

మొక్కలు కొనునపుడు రకము అడిగి తెలిసికొనుడు. నోబిలె జాతి డెండ్రోబియం పూయుటకు శీతకాలమున చల్లని రాత్రులు, నీటి ఎద్దడి కావలెను. కోస్తా మైదానములలో దానికి ఎంత మేత పెట్టినను పూయుట అరుదు.