ఒక్క ‘ట’ వదిలేస్తే

“అత్తయ్యకి ఒంట్లో బాగాలేదు”, “అత్తయ్యకి ఒంట్లో బాగాలేదట”. తేడా ఒక్క అక్షరమే. మొదటి మాటకి చెప్పినవాళ్లే పూచీ. రెండోది విన్న మాట, “ఎవరన్నారు?” అని అడిగే వీలుంది. అర్ధరాత్రి ఇండియా నుంచి ఫోన్ వస్తే ఆ వీలు ఎంత ఊరటో మనకి తెలుసు. (కొందరి ఇళ్లలో ఇదే ‘అంట’.)

కాలేజీ ల్యాబ్‌లో మనం తీసిన రీడింగ్ వేరు, పుస్తకంలోని విలువ వేరు. రెండూ కలిపి రాస్తే మార్కులు పోయేవి. బామ్మలు ఏ ల్యాబూ లేకుండానే ‘ట’తో ఆ లెక్క సరిచూసేవారు. “సంబంధం చెడిపోయిందట” అన్న మాట నాలుగు ఫోన్లు దాటేసరికి ‘ట’ రాలిపోతే, ఒక ఆడపిల్ల మీద అది నిజమై కూర్చుంటుంది. వెటకారానికీ ‘ట’యే దిక్కు. “ఆయనగారికి ఆకలి లేదట!” అంటే ఎవరూ నమ్మలేదని అర్థం.

ఇక ‘అని’. అను అనే క్రియలోంచే వచ్చింది. “నాన్న లేటుగా వస్తానని చెప్పారు” అంటాం. ఆ ‘వస్తాను’ నాన్న నోటి మాట, మార్చకుండా తెచ్చి అప్పగిస్తున్నాం. ఇక్కడ పెరిగే పిల్లలు ఇంగ్లీషు పద్ధతిలో “నాన్న లేటుగా వస్తారని చెప్పారు” అంటుంటారు. వినగానే నాకు అనుమానం: వచ్చేది ఎవరు, మామయ్యా? ఇది వ్యాకరణం తప్పని కొట్టిపారేయలేం, వాక్యంలో మనిషే మారిపోతున్నాడు.

మాటని రెండుసార్లు అనడం మాత్రం పిల్లలకి ఇట్టే పట్టుబడుతుంది. “వేడివేడిగా”, “చిన్నచిన్న” సరే, ‘గి’ చేర్చే ఆట ఇంకా ఇష్టం. “కాఫీ గీఫీ తాగుతారా?” అంటే చుట్టానికి మర్యాద, కాఫీ కాకపోతే ఇంకేదైనా సరే అని. “చదువు గిదువు లేదా?” అంటే చివాట్లు. సూత్రం ఒకటే, గొంతు వేరు. పిజ్జా గిజ్జా కూడా చెల్లుతుంది.

‘అని’కి పాఠం అక్కర్లేదు. అమ్మమ్మ ఫోన్ పెట్టేశాక “ఏమంది?” అని అడిగితే చాలు. “రేపు చేస్తుందని చెప్పింది” అన్నారనుకోండి, “ఎవరు చేస్తారు, పిన్నా?” అనండి. “కాదమ్మా, అమ్మమ్మే! చేస్తానంది!” అని విసుక్కుంటూ వాళ్లే సర్దుకుంటారు.